ముందర కార్డు స్లాట్ అడిగినందుకు తప్పంతా నాదేనా?

కావలి దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరి పేరు వేయవద్దన్నారు. ఆమె భర్త ఫొటోగ్రాఫర్. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు తీస్తారు. ఆయన తీసుకొచ్చిన కెమెరా కార్డులోని ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, మంచివి ఏరడం, నెల్లూరులో ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్ళకు పంపడం, మొత్తం ఇంట్లో ఈమె పనే. కంప్యూటర్ 2012లో మరిది అసెంబుల్ చేయించి ఇచ్చింది. ఐ3 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7.

ముందువైపు యూఎస్‌బీ పోర్టులు ఎప్పుడో పనిచేయడం మానేశాయి. కంప్యూటర్ డబ్బా బల్ల కింద గోడవారన ఉంటుంది. కెమెరా కార్డు చదివే రీడరును డబ్బా వెనక పెట్టాలంటే మోకాళ్ళ నొప్పులతో బల్ల కిందకి దూరాలి. అది వేలాడుతూ మధ్యలో లూజై, కాపీ ఆగిపోతూ ఉంటుంది. ముందర ఒక కార్డు స్లాట్ పెట్టించమని చాలా రోజులు అడగ్గా అడగ్గా, షాపు అబ్బాయి ఏదో పాత సిస్టమ్‌లోంచి ఊడదీసిన రీడరు తెచ్చి బిగించాడు. 32 జీబీ కార్డులు హాయిగా చదివింది. పోయిన నెల భర్త కొత్తగా 64 జీబీ కార్డు కొని, బాబాయి కొడుకు కూతురి ఓణీల ఫంక్షన్ దాంట్లో తీశారు. కార్డు పెట్టగానే డిస్కు ఫార్మాట్ చేస్తేనే వాడగలరు అని వచ్చింది. షాపు అబ్బాయికి ఫోన్ చేస్తే ‘ఓకే కొట్టండక్కా, ఏం కాదు’ అన్నాడు. కొట్టారు. క్షణాల్లో అయిపోయింది. కార్డు ఖాళీ.

‘ముందర స్లాట్ కావాలని నువ్వు పట్టుబట్టబట్టే ఇంతా అయింది’ అని భర్త సరిగా మాట్లాడటం లేదు. హైదరాబాద్‌లో ఉన్న మరిది ‘ఆ డొక్కు సిస్టమ్ పాతినుప సామాన్లవాడికి వేసి ల్యాప్‌టాప్ కొనుక్కోండి వదినా’ అంటున్నాడట. చనిపోయిన మామగారి ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి కాబట్టి ఇంకోసారి దాన్ని విప్పాలంటే భయం. ఆ పాప తండ్రి, వరసకు ఈమెకు బావగారు, ఆల్బమ్ ఏమైందని ఫోన్ చేసినప్పుడల్లా ‘డిజైనింగ్‌లో ఉంది’ అని చెబుతున్నారు. ఫొటోలు తిరిగి వస్తాయా, ఆ స్లాట్ ఉంచాలా పీకేయాలా, చుట్టాలకు ఏమని చెప్పాలి అని అడిగారు.

అమ్మా,

ఆ కార్డు బీరువాలో పెట్టామని రాశారు. అంతకంటే మంచి పని లేదు. దాన్ని ఇక కెమెరాలో పెట్టొద్దు, ఒక్క ఫొటో కూడా తీయొద్దు. కార్డు ఎడమ అంచున చిన్న మీట ఉంటుంది చూడండి, దాన్ని కిందికి జరిపి లాక్ చేసేయండి. అలా చేస్తే కంప్యూటర్ పొరపాటున దాని మీద కొత్తగా ఏదైనా రాసే ప్రమాదం బాగా తగ్గుతుంది.

ఫొటోలు తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉంది. క్షణాల్లో అయిపోయింది అని మీరు రాసిన మాటే దానికి ఆధారం. విండోస్‌లో ఫార్మాట్ రెండు రకాలు. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకం ముందున్న విషయసూచిక చింపేయడం లాంటిది. ఏ ఫొటో ఎక్కడ ఉందో చెప్పే పట్టిక పోతుంది, లోపలి పేజీలు చాలావరకు అలాగే ఉంటాయి. రెండోది పూర్తి ఫార్మాట్. విస్టా (విండోస్ 7కి ముందు వచ్చినది) నుంచి ఇటు వచ్చిన విండోస్‌లన్నిటిలో అది కార్డు మొత్తం సున్నాలతో నింపేస్తుంది, ఆ తరువాత ఎవరూ ఏమీ చేయలేరు. 64 జీబీ కార్డు మీద పూర్తి ఫార్మాట్ క్షణాల్లో అయ్యే పని కాదు, చాలాసేపు పడుతుంది. కాబట్టి మీకు జరిగింది మొదటిదే.

వెలికి తీయడానికి ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. జేపెగ్ ఫొటోలే కాదు, చాలా కెమెరాల రా ఫైళ్ళను (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫొటోలను) కూడా గుర్తుపడుతుంది. ఈ పని మీ కంప్యూటర్‌లో, ముఖ్యంగా ఆ పాత రీడరుతో చేయొద్దు. 64 జీబీ కార్డు సరిగా చదివే రీడరున్న కంప్యూటర్ తెలిసినవాళ్ళ దగ్గర ఎక్కడున్నా అక్కడ చేయించండి. బయటపడిన ఫొటోలను అదే కార్డులో కాకుండా వేరే డిస్కులో దాచమనండి. ఫైళ్ళ పేర్లు పోతాయి, వరస తారుమారవుతుంది, కొన్ని సగం బొమ్మతో రావచ్చు. ఏరి పేర్చడం మీకు అలవాటైన పనే కదా. అప్పటికీ రాకపోతే చెన్నైలో డేటా రికవరీ చేసేవాళ్ళున్నారు. అక్కడ ఖర్చు గట్టిగానే ఉంటుంది కాబట్టి వస్తేనే డబ్బు అనే షరతుకు ఒప్పుకొంటారేమో ముందే అడగండి. ‘మేమే చూస్తాం, కార్డు ఇచ్చి వెళ్ళండి’ అనే మామూలు షాపులో మాత్రం వదిలి రావద్దు. నలుగురు నాలుగు రకాలుగా ప్రయత్నిస్తే ఉన్నది కూడా చెడుతుంది.

ఇక అసలు ఏం జరిగిందో చెబుతాను, ఎందుకంటే ఇంట్లో మాటంతా దీని మీదే నడుస్తోంది. కెమెరాల్లో వాడే ఈ ఎస్‌డీ కార్డులు చూడటానికి ఒకేలా ఉన్నా తరాలు వేరు. 2 జీబీ వరకు మామూలు ఎస్‌డీ. ఆపైన 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, అది 2006లో వచ్చింది. 32 దాటితే ఎస్‌డీఎక్స్‌సీ, 2009లో ప్రకటించారు. మీ కొత్త కార్డు మీద ఎస్‌డీ అక్షరాల పక్కన ఎక్స్‌సీ అని ఉంటుంది, చూడండి. షాపు అబ్బాయి బిగించిన రీడరు ఎస్‌డీహెచ్‌సీ కాలంనాటిది అయ్యుంటుంది. అందుకే 32 దాకా చదివింది, 64 దగ్గర తెల్లమొహం వేసింది. విండోస్ 7కి ఆ కార్డు భాష అర్థంకాకపోవడం కాదు. ఎస్‌డీఎక్స్‌సీ కార్డుల్లో ఫైళ్ళు అమర్చే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి దానికి మొదటినుంచీ తెలుసు. మధ్యలో ఉన్న రీడరు కార్డులో ఉన్నది ఉన్నట్టు అందించలేకపోయింది. ఏమీ కనపడక విండోస్ అది కొత్త కార్డు అనుకుని ఫార్మాట్ చేయాలా అని అడిగింది. అక్కడ ‘కాన్సిల్’ కొట్టి కార్డు బయటికి తీసి, మళ్ళీ కెమెరాలో పెట్టి చూసుంటే ఫొటోలన్నీ ఉండేవి.

మీరు అడిగిన స్లాట్‌లో తప్పేమీ లేదమ్మా. రోజూ పనిచేసే మనిషి బల్ల కిందికి దూరకుండా పనిచేయాలని అడిగింది. తరం చూడకుండా రీడరు బిగించింది షాపు అబ్బాయి. కార్డులో ఏముందో అడగకుండా ఓకే కొట్టమన్నదీ అతనే. ఇంకో కాపీ లేకుండా ఫంక్షన్ మొత్తం ఒక్క కొత్త కార్డు మీద పెట్టింది మీ ఆయన. మీట నొక్కిన వేలు మీది కాబట్టి ఇదంతా మీ మీదికి వచ్చింది. ఈ మాటలు ఆయనకు ఎదురు వాదనగా వినిపిస్తే ఆయన ఇంకా బిగుసుకుంటారు. సొంత బాబాయి కొడుకు దగ్గర, ఊళ్ళో, పేరు పోతుందన్న భయం ఆయన్ను తినేస్తోంది. కార్డు బాగుచేయడానికి ఆయనతో కలిసి వెళ్ళండి. పక్కన కూర్చుని ఫొటోలు ఒక్కొక్కటిగా బయటికి రావడం ఆయన కూడా చూడనివ్వండి. ఎవరి తప్పెంత అనే మాట ఆ తరువాత మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకోవాలి కూడా.

స్లాట్ సంగతికి వద్దాం. మీ ముందు మూడు దారులున్నాయి, మూడూ పనికొచ్చేవే.

మొదటిది, డబ్బా విప్పకుండానే అయిపోయేది. వెనక యూఎస్‌బీ పోర్టు నుంచి మీటరు, మీటరున్నర పొడవున్న మంచి ఎక్స్‌టెన్షన్ వైరు బల్ల మీదికి తెచ్చి, దాని చివర కొత్త ఎస్‌డీఎక్స్‌సీ రీడరు పెట్టి, ఆ రీడరును బల్ల అంచుకు డబుల్ టేపుతో గట్టిగా అంటించేయండి. వేలాడదు, లూజవదు. ఖర్చు వందల్లోనే. చెడిపోతే పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చు, రేపు ల్యాప్‌టాప్ కొన్నా దానికి పెట్టుకోవచ్చు. తుమ్మలపెంట సముద్రతీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మీ ప్రాంతంలో లోహపు కాంటాక్టులు తొందరగా నల్లబడతాయి. తీసి చిన్న పెట్టెలో దాచుకునే వస్తువైతే ఆ బాధ తక్కువ. ఇబ్బంది ఒకటే, బల్ల మీద ఒక వైరు అడ్డంగా ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ చేయి దాని మీదికి పోకుండా చూసుకోవాలి.

రెండోది, మీరు కోరుకున్నట్టు డబ్బా ముందర కొత్త రీడరు. మీరు పంపిన ఫొటోలో డీవీడీ డ్రైవ్ కింద చిన్న అర ఉంది, పాత ఫ్లాపీ పెట్టే మూడున్నర అంగుళాల చోటు. లోపల పెట్టే రీడర్లు చాలావరకు ఆ కొలతకే వస్తాయి. కొనేటప్పుడు పెట్టె మీద ఎస్‌డీఎక్స్‌సీ అని రాసుందో లేదో మీ కళ్ళతో చదవండి. ‘అన్ని కార్డులూ చదువుతుంది’ అనే నోటిమాట సరిపోదు.

దాని వైరు మదర్‌బోర్డు కింది అంచున ఉండే యూఎస్‌బీ పిన్నులకు తగలాలి. పక్కన ఎఫ్_యూఎస్‌బీ అని గానీ అలాంటి పేరు గానీ అచ్చు వేసుంటుంది. రెండు వరసలు, వరసకు ఐదు చోట్లు, మొత్తం పదింటిలో ఒక మూల పిన్ను ఉండదు. దగ్గర్లోనే ముందువైపు ఆడియో పిన్నులు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. కానీ వాటిలో లేని పిన్ను మూలన కాకుండా దాని పక్కది. ఈ ఒక్క తేడా చూపించి, బిగించే అబ్బాయిని నిదానంగా పెట్టమనండి. పిన్ను ఒకటి జరిగి తగిలితే ఐదు వోల్టులు పోకూడని చోటికి పోయి రీడరో, పోర్టో, ఒక్కోసారి బోర్డో కాలిపోతుంది. మీ ముందు పోర్టులు పనిచేయకపోవడానికి కూడా వాటి వైరు ఊడిపోవడమో, తప్పుగా పెట్టడమో కారణం కావచ్చు. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి అదీ చూడమనండి.

విప్పే ముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి. చేయి పెట్టే ముందు డబ్బా లోపలి రంగులేని ఇనుమును ఒకసారి తాకాలి. బిగించాక ‘కంప్యూటర్’ తెరిస్తే నాలుగైదు కొత్త డ్రైవులు ఖాళీగా కనిపించవచ్చు. అవి రీడరులోని ఒక్కో రంధ్రానికి ఒకటి, కంగారుపడకండి. రాత్రి కార్డు దాంట్లోనే వదిలేసి పొద్దున ఆన్ చేస్తే కొన్ని బోర్డులు ఆ కార్డు నుంచే మొదలుకావాలని చూసి నల్లతెరతో ఆగిపోతాయి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో, హార్డ్‌డిస్క్‌నే మొదటిదిగా పెట్టిస్తే సరి. డబ్బాను కూడా నేల మీద నుంచి తీసి బల్ల మీదనో, పక్కన స్టూలు మీదనో పెట్టించండి. స్లాట్ ముందుకొచ్చినా అది నేల మీదే ఉంటే మీ మోకాళ్ళకు ఒరిగేదేమీ లేదు, పైగా చిమ్మిన దుమ్మంతా ఆ రంధ్రాల్లోకే పోతుంది.

ఈ దారిలో వేగం పెరగదు. మీ బోర్డులో ఉన్నది యూఎస్‌బీ 2.0. కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, నిజంగా అందేది దాదాపు 30 మెగాబైట్లు. నిండిన 64 జీబీ కార్డు ఎక్కడానికి అరగంట దాటుతుంది. ఇప్పుడున్న వేగమూ అంతే కాబట్టి కొత్తగా నష్టమేమీ లేదు.

ఆ వేగమూ కావాలనుకుంటే మూడో దారి ఉంది. బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 అనే పొట్టి స్లాట్ ఖాళీగా ఉంటే, దాంట్లో యూఎస్‌బీ 3.0 కార్డు వేసి, 19 పిన్నులున్న లోపలి ప్లగ్గు ద్వారా 3.0 రీడరు కలపొచ్చు. కెమెరా కార్డు మంచిదైతే అరగంట పని పది, పదిహేను నిమిషాలకు వస్తుంది. అయితే విండోస్ 7లో యూఎస్‌బీ 3.0 డ్రైవరు సొంతంగా ఉండదు, కార్డుతో వచ్చినది వేసుకోవాలి. ఇలాంటి యూఎస్‌బీ కార్డుల్లో కొన్నింటికి ఎస్‌ఎంపీఎస్ (డబ్బాలోని కరెంటు పెట్టె) నుంచి వేరే కరెంటు వైరు కూడా ఇవ్వాలి. 2012 నాటి డబ్బా మీద ఇంత ఖర్చు, ఇంత పని నాకైతే ఎక్కువ అనిపిస్తోంది.

ఎందుకంటే మీ మరిది మాటలో కొంత నిజముంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే మామూలు వాడకందార్లకు ఆగిపోయాయి. విండోస్ 10 వేయిద్దామన్నా దాని గడువు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 2012 నాటి ఐ3కి విండోస్ 11 అధికారికంగా రాదు. ఆ డబ్బా ఫొటోలు ఏరుకోవడానికి ఇంకా పనికొస్తుంది. దాని మీద బ్యాంకు పనులు, ఆన్‌లైన్ చెల్లింపులు మాత్రం చేయొద్దు. కాబట్టి డబ్బు పెట్టేటప్పుడు, రేపు కొత్త కంప్యూటర్ వచ్చినా ఈ వస్తువు దాంతో పనిచేస్తుందా అని చూసుకోండి. మొదటి దారిలోని బయటి రీడరు పనిచేస్తుంది. లోపలి రీడరు ల్యాప్‌టాప్‌లోకి రాదు. అయినా రోజూ ఆ బల్ల ముందు కూర్చునేది మీరు. ఇంకో ఏడాది రెండేళ్ళు ఇదే డబ్బాతో లాగాలనుకుంటే, లోపలి రీడరు మీద పెట్టే కొద్ది డబ్బుకు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. ఏ దారైనా నిర్ణయం మీది కావాలి, మీ ఆయన దానికి ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్న మరిది సలహా సలహాగానే ఉంటే చాలు.

ఈ మూడింటికంటే ముందు కొనాల్సిన వస్తువు ఇంకోటి ఉంది, 1 టీబీ బయటి హార్డ్‌డిస్క్. మీ ఉత్తరం చదువుతుంటే నాకు అన్నిటికంటే భయం వేసింది రీడరు గురించి కాదు. మామగారి ఫొటోలతో సహా ఇన్నేళ్ళ పని అంతా 2012 నాటి ఒక్క 500 జీబీ డిస్కులో, ఒకే ఒక్క ప్రతిగా ఉంది. ఆ డిస్కు ఎవరూ విప్పకపోయినా, ఎవరూ ముట్టుకోకపోయినా, ఏదో ఒకరోజు ఆగిపోతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మొత్తం దాని మీదికి కాపీ చేయండి, మామగారి ఫోల్డరు మొట్టమొదట. కాపీ అయ్యాక అక్కడొకటి ఇక్కడొకటి ఫొటోలు తెరిచి చూడండి, ఫైళ్ళ సంఖ్య రెండు చోట్లా సరిపోయిందో లేదో పోల్చండి. అప్పుడు డబ్బా విప్పడానికి మీకింత భయం ఉండదు.

ఇకపైన ఒక పద్ధతి పెట్టుకోండి. రెండు చోట్ల కాపీ అయి, తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు. చేసినా కెమెరాలోనే చేయాలి, కంప్యూటర్‌లో చేయకూడదు. ఫార్మాట్ చేయాలా అని తెర మీద వస్తే ఎవరు చెప్పినా సరే కాన్సిల్. మీ ఆయన కెమెరాలో రెండు కార్డుల స్లాట్‌లుంటే రెండింటిలో ఒకేసారి రాసే ఏర్పాటు ఉందేమో చూడమనండి. లేకపోతే ఒక 64కి బదులు రెండు 32 జీబీ కార్డులు మార్చుకుంటూ తీయొచ్చు. ఫంక్షన్ మధ్యలో కార్డు మార్చడం కొంచెం విసుగే, కానీ ఒకటి పోయినా సగం మిగులుతుంది.

చుట్టాల సంగతి. ‘డిజైనింగ్‌లో ఉంది’ అనే మాట ఇంకెన్నాళ్ళో నిలవదు. ఫొటోలు వెలికితీసే ప్రయత్నం ఏమవుతుందో తేలేదాకా, అంటే ఒక వారం, ఆగడం నాకు తప్పుగా తోచదు. అంతకుమించి లాగితే వాళ్ళకు ఇంకొకరి ద్వారా తెలుస్తుంది, అప్పుడు పోయిన ఫొటోలకంటే దాచిన సంగతికే ఎక్కువ బాధపడతారు. ఇప్పుడే చెప్పేస్తే కోపం రావచ్చు. కానీ ఒక మేలుంది. ఫంక్షన్‌కు వచ్చినవాళ్ళ ఫోన్లలో ఆ రోజు ఫొటోలు ఇంకా ఉన్నాయి, నెలలు గడిస్తే స్టోరేజీ నిండిందని చెరిపేస్తారు. కాబట్టి ఏ నిర్ణయం తీసుకున్నా, దగ్గర చుట్టాల దగ్గరున్న ఫొటోలు పంపమని ఈరోజే అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి.

వీడియో తీసినవాళ్ళుంటే వాళ్ళ ఫుటేజీ అడగండి. హెచ్‌డీ వీడియోలోని ఒక్కో ఫ్రేము 1920కి 1080 చుక్కలు. నాలుగుకి ఆరు ప్రింటుకు చక్కగా సరిపోతుంది, కరిజ్మా లాంటి పెద్ద ఆల్బమ్‌లో పేజీ నిండా వేస్తే మసకబారుతుంది. మేనమామ ఓణీ పెట్టే ఘట్టం, హారతి, అక్షింతలు ఇలా చిన్న బొమ్మలుగా నిలబెట్టుకోవచ్చు. పెద్ద బొమ్మలకు పాపకు అవే బట్టలు కట్టి, అవే నగలు పెట్టి మళ్ళీ తీసిస్తామని, ఒక్క రూపాయి తీసుకోమని మీ ఆయనే చెప్పాలి. ఆయన తమ్ముడిగా ఇంటికి వెళ్ళి చెప్పే మాటకు ఫోన్‌లో లేని బరువుంటుంది. మీరు పక్కనే ఉండండి, కానీ తప్పొప్పుకునే బాధ్యత మీ ఒక్కరి మీదే వేసుకోవద్దు. ఆల్బమ్ కోసం అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగి ఇస్తామని కూడా ముందే అనేయండి, వాళ్ళు తీసుకున్నా తీసుకోకపోయినా.

ఆషాఢంలో మీకు ముహూర్తాలు ఉండవు కాబట్టి, డిస్కు కొనడం, కాపీలు, రీడరు బిగింపు ఆ నెలలోనే తెమిల్చేసుకుంటే శ్రావణం పెళ్ళిళ్ళ నాటికి అంతా అలవాటవుతుంది. కార్డులోంచి ఫొటోలు వచ్చాయో లేదో రాయండి. రాకపోతే కెమెరా మోడలు, ఫొటోలు రా పద్ధతిలో తీశారా జేపెగ్‌లోనా, ఫొటోరెక్ చివర్లో ఏమని చూపించింది, ఈ మూడూ ఉత్తరంలో ఉండాలి.